గీత గీసిన తర్వాత వచ్చిన నోటుబుక్కు

1944 జూన్ 10, శనివారం, సాయంత్రం అయిదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు, కొత్త టైము. నరసరావుపేటలో మా వకీలుగారి ఆఫీసు మెట్లెక్కి ఒక అమ్మాయి లోపలికొచ్చింది. చంకలో గుడ్డలో చుట్టిన నోటుబుక్కు. చెప్పులు చేత్తో పట్టుకుంది; ఒకదాని వారు తెగిపోయింది. గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుని, "అక్కా, ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది గదా" అంది.

నేను అప్పటికి ముప్పై ఎనిమిది నిమిషాల కిందటే రిజిస్టరులో ఎర్రగీత గీసేశాను.

"రిజిస్టరు మూసేశానమ్మాయ్" అన్నాను.

ఆమె గోడగడియారం వంక చూసింది, ఆ తర్వాత నా వంక. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. నేను వేళాకోళమాడుతున్నాననుకుంది.

ఈ సంగతి అందులో ఉన్నవాళ్లకు తప్ప నేను యాభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కారణం, మొన్న ఒక లా విద్యార్థిని మా ఇంటికి రావడం. ఏదో స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టుకుందట, ఒక రోజు ఆలస్యమైందని తిరగ్గొట్టారట. "గడువు గడువే కదమ్మా" అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. సెలవుల్లో పని నేర్చుకోవడానికి ఏదో ఒక ఆఫీసులో చేరేవాళ్లూ, సాయపు డబ్బు కోసం దరఖాస్తులు రాసేవాళ్లూ మీలో చాలామంది ఉంటారు. రేపు మీరే ఆ దరఖాస్తులు పుచ్చుకునే కుర్చీలో కూర్చుంటారు. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ కొత్త టైము సంగతి. యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు నుంచి, ప్రభుత్వం దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పించింది. కోర్టు, రైలు, పోస్టాఫీసు వెంటనే మారాయి. పల్లెలు మారలేదు. పొద్దును చూసి పొలానికి పోయేవాళ్లకు గడియారం ముల్లుతో పనేముంది? దాంతో పల్నాడులో ప్రతివాడూ గంట చెప్పి, వెనకాలే "కొత్త టైమా, పాత టైమా" అన్నది కూడా చెప్పుకోవలసి వచ్చేది. మిషను బడులూ, గుడి గంటలూ పాత టైమే కొట్టేవి. నేను ఉండేది నరసరావుపేట మిషను కాంపౌండులో. పొద్దున అక్కడ ఎనిమిది కొడుతుండగా బయలుదేరి, ఆఫీసుకు వచ్చేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలయ్యేది. రెండు టైములూ నా తలలో పక్కపక్కనే ఉండేవి. ఒకదానికొకటి అడ్డం వచ్చేవి కావు.

ఆ ఆఫీసులో నేను 1940 మార్చి 4న చేరాను. టైపు కొట్టడం, వాయిదాల పుస్తకం రాయడం నా పని. ఏ దావా ఏ రోజుకు వాయిదా పడిందో ఆ పుస్తకం చెప్పాలి; అది తప్పితే కక్షిదారుకు కొంప మునుగుతుంది. నాకు ముందున్న గుమాస్తా ఒక వాయిదా 13 బదులు 18 అని రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆడది ఈ పనికేంటని పక్క ఆఫీసుల గుమాస్తాలు నాలుగేళ్లుగా నా తప్పు కోసం ఎదురు చూస్తూనే ఉన్నారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వలేదు.

మా ఆఫీసు పెద్ద గుమాస్తాది గురజాల. ముక్కుపొడుం మనిషి. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమే టైపు" అనేవాడు. నేను ఆయన్ను బాబాయ్ అనేదాన్ని.

ఇక స్కాలర్‌షిప్పు. మా వకీలుగారి కక్షిదారుల్లో ధాన్యం వ్యాపారం చేసే శెట్టిగారు ఒకరుండేవారు. బెల్లంకొండ వైపు రైతు మీద ఆయన దావా వేశాడు. రైతు కోర్టుకు రాలేదు. ఏకపక్షంగా డిక్రీ అయింది. తర్వాత ఆ రైతు సమను కాగితం పట్టుకుని శెట్టిగారి కొట్టు ముందు నిలబడ్డాడు. రెండు నెలలు ఇంట్లో ఉందట ఆ కాగితం. చదివి చెప్పేవాడు లేడట.

శెట్టిగారు మా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. "డిక్రీ నాకొచ్చింది, సరేనండీ. చదివి చెప్పినోడుంటే వచ్చి కట్టేవాడినని ఏడుస్తన్నాడు. ఇదేం గెలుపు?" అన్నాడు.

"మరేం చేద్దామంటావు?" అన్నారు వకీలుగారు.

"లా చదివే పిల్లలు ఎండాకాలం ఇంటికాడేగా ఉండేది. ఊరికే తిరక్కపోతే ఆ కాగితాలేవో చదివిపెట్టగూడదూ?"

అలా మొదలైంది. అప్పట్లో బి.ఎ. తర్వాత లా రెండేళ్లు, మద్రాసులో. మొదటి ఏడు ఎలాగో నెట్టుకొచ్చి రెండో ఏటికి డబ్బు లేక ఆగిపోయేవాళ్లు ఎక్కువ. అటువంటి ఒకరికి రెండో సంవత్సరం ఫీజు, హాస్టలు, పుస్తకాలు శెట్టిగారు భరిస్తాడు. అందుకు ఆ విద్యార్థి వేసవిలో ఆరు వారాలు తన ఊళ్లో వాలంటీరుగా కూర్చోవాలి. ఎవరు ఏ కోర్టు కాగితం తెచ్చినా చదివి చెప్పాలి, కావలసిన అర్జీ రాసిపెట్టాలి. ఎవరొచ్చారో, ఏం పనో, తనేం చెప్పాడో నోటుబుక్కులో రాయాలి. నోటుబుక్కులు గడువులోగా మా ఆఫీసుకు చేరాలి. వకీలుగారు, శెట్టిగారు, మిషను హైస్కూలు హెడ్మాస్టరుగారు ముగ్గురూ చదివి, మంచి పుస్తకం ఎవరిదైతే వాళ్లకు ఇస్తారు. మరొక షరతు కూడా ఉంది. గడువులోగా వచ్చిన ప్రతి పుస్తకంలోని పనులూ మా వకీలుగారు ఫీజు లేకుండా చూస్తారు. గెలిచిన పుస్తకంలోవే కాదు, అన్నిటిలోవీ.

రిజిస్టరు నాకిచ్చారు. గడువు కాగానే ఆఖరి పేరు కింద ఎర్రగీత గీయడం, గీత కింద ఎవరి పేరూ రాయకపోవడం నేను పెట్టిన పద్ధతి. సిఫార్సులతో వచ్చేవాళ్లను ఆపడానికి అది మంచి పద్ధతే. వకీలుగారు మెచ్చుకున్నారు కూడా.

ఏప్రిల్ 15 నాటికి ముగ్గురు చేరారు. మాచర్ల అబ్బాయి ఒకరు, నరసరావుపేట అబ్బాయి ఒకరు, నాదెండ్ల నుంచి ఈ అమ్మాయి. ఆమెకు ఇరవై రెండేళ్లు. తండ్రి అక్కడి మిషను బడిలో పంతులు. గుంటూరులో బి.ఎ. చదివి, మద్రాసులో లా మొదటి సంవత్సరం ముగించి వచ్చింది. మొదటి ఏటి ఫీజుకు తల్లి గాజులు పోయాయి. తల్లికి ఉన్నవి అంతే. రెండో ఏడు ఈ స్కాలర్‌షిప్పు వస్తే సాగుతుంది, లేకపోతే లేదు. మా కోర్టులో అప్పటికి ఒక్క ఆడ వకీలు కూడా లేదు.

మే నెల మధ్యలో పెద్ద గుమాస్తాను మూడు ఊళ్లకూ తనిఖీకి పంపారు. నాదెండ్ల నుంచి తిరిగొచ్చి, పొడుం పీల్చి, తనలో తను నవ్వుకుంటూ కూర్చున్నాడు.

"ఏంది బాబాయ్?"

"ఆ పంతులు కూతురు నన్ను గూడా వరసలో కూచోబెట్టిందే. ఇన్‌స్పెక్షనుకొచ్చానమ్మా అంటే, ముందొచ్చినోళ్లు ముందు బాబాయ్, నీడన కూచో అంది. గంటన్నర కూచున్నా. నా ముందు ఒక ముసల్ది, మనవడి చదువు గురించి గూడా అడుగుతంది. కాదనకుండా చెప్తంది."

"మరి తనిఖీ?"

"చేశా. అక్షరం అచ్చు గుద్దినట్టుంది. అది వకీలైతే మన అయ్యగారు ఎదుటి పార్టీ తీసుకునే ముందు రెండు మాట్లు ఆలోచించుకోవాల్సిందే."

ఏప్రిల్‌లో ఒక నోటీసు వెళ్లింది; గుర్తు చేయడానికి మే 22న నేను రెండోది రాశాను. నోటుబుక్కులు జూన్ 10 శనివారం సాయంత్రం అయిదు గంటలలోగా చేరాలి అని. ఆ రోజుల్లో కాగితం కరువు. మామూలు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో నోటీసు, కార్బను పెట్టి రాసేదాన్ని. ఆ నోటీసు ముక్కలో పట్టలేదు, ఆఖరి వరస కిందికి జారింది. రెండు మాటలు తగ్గించాను, సరిగ్గా పట్టింది. పద్నాలుగు నకళ్లు మూడున్నర కాగితాల్లో అయ్యాయని వకీలుగారికి చెప్పుకున్నాను. నోటీసులు ఊళ్లకు వెళ్లాయి. మిషను బడులున్న చోట ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపించారు.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను.

"ముప్పై ఎనిమిది నిమిషాలు దాటిందమ్మాయ్. మిగతా రెండు పుస్తకాలూ నిన్ననే వచ్చాయి" అన్నాను.

నవ్వు పోయింది. "దాటలేదక్కా. మా ఊళ్లో నాలుగున్నరే ఇప్పుడు."

"ఇది మీ ఊరు కాదు. కోర్టు టైము."

"నోటీసులో కొత్త టైమని లేదు."

"ఉంటుంది. నేనే రాశాను."

"లేదక్కా" అని, "పొద్దున్నే బయల్దేరాల్సింది. ఒకామె సమను తెచ్చింది. గంట టైముంది గదా అని కూచుని రాసిచ్చా. తర్వాత బొగ్గు బస్సు దారిలో ఆగింది. రెండు మైళ్లు నడిచా" అంది.

యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీదే నడిచేవి. ఆమె గుడ్డ విప్పి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. నాలుగు చోట్ల పేజీల అంచు మడిచి ఉంది.

"పోనీ నా సంగతి కమిటీ వాళ్లు చూస్తారు. ఈ నాలుగూ తొందరవి. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి, ఆపై సోమవారం ఒకటి వాయిదాలున్నాయి. వకీలుగారు చూస్తారని వాళ్లకు మాటిచ్చా. పుస్తకమన్నా ఉంచుకోండి."

"గీత గీశాక పుస్తకం తీసుకుంటే తీసుకున్నట్టే అవుతుంది. కుదరదు."

ఇది నేనన్న మాటే. ఎవరో అన్నట్టు రాయలేను.

ఆమె పుస్తకం మళ్లీ గుడ్డలో చుట్టింది. తొందరపడలేదు. ముడి సరిగా వేసింది. "వస్తానక్కా" అని మెట్లు దిగింది. తెగిన చెప్పు ఒక చేతిలో, పుస్తకం ఒక చేతిలో.

ఆమె వీధి మలుపు తిరిగాక నేను నోటీసుల ఫైలు తీశాను. ఏప్రిల్ నోటీసు చూశాను: "సాయంత్రం అయిదు గంటలలోగా, కొత్త టైము." మే నోటీసు చూశాను: "సాయంత్రం అయిదు గంటలలోగా." కాగితంలో పట్టడానికి నేను తగ్గించిన రెండు మాటలు అవే.

నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్లీ నిలబడ్డాను. ఇంకా అయిదూ యాభై కూడా కాలేదు. పిలుస్తూ వెళ్తే బస్సుల దగ్గర దొరుకుతుంది. పెద్ద గుమాస్తా పక్క గదిలోంచి అంతా విన్నాడు. వచ్చి నా భుజం మీదుగా రెండు నోటీసులూ చదివాడు.

"చూశావుగా. ఫైలు మూసెయ్."

"తప్పు నాది బాబాయ్."

"కాదని నేనన్నానా? సోమవారం కమిటీ. నువ్వు చెప్పబోకు, ఎవరూ అడగబోరు. నీ చేతిలో తప్పు జరగదని కోర్టంతా చెప్పుకుంటన్నారు. నీ ముందోడు ఒక్క అంకెకి పోయాడు. నువ్వు రెండు మాటలు మింగావు."

"ఆ అమ్మాయి?"

"చదువుకున్న పిల్ల. ఏదో ఒక బళ్లో పంతులమ్మవుద్ది. నీకు ఈ ఉద్యోగం పోతే ఏముంది, చెప్పు."

ఆయన చెడ్డవాడు కాదు. నా మేలు కోరే చెప్పాడు. నేను ఫైలు మూశాను. బస్సుల దగ్గరికి వెళ్లాను కూడా, కాకపోతే ఆరూ పదికి. నాదెండ్ల వైపు పోయే చిలకలూరిపేట బస్సు అయిదు నిమిషాల కిందటే వెళ్లిందన్నారు.

మర్నాడు ఆదివారం. మిషను గుడిలో గంట కొట్టారు. ఎనిమిది అన్నారు. నాకు తొమ్మిది అని వినపడింది. ఆ రోజంతా అంతే. ప్రతి గంటకూ ఒకటి కలుపుతున్నాను, ఒకటి తీసేస్తున్నాను. ప్రసంగం దేని మీదో గుర్తు లేదు. మధ్యాహ్నం అన్నం తిని నాదెండ్ల దారి పట్టాను, నడిచే పోదామని. ఊరు దాటి మైలు వెళ్లి వెనక్కొచ్చాను. ఏం చెప్పాలి వెళ్లి? ముందు వకీలుగారికి చెప్పాలి. వకీలుగారింటి దాకా వెళ్లాను. ఆదివారం ఆయన్ను కదిలించకూడదు, రేపెలాగూ కమిటీలో చెప్తాను గదా అనుకుని అక్కణ్నుంచీ వెనక్కొచ్చాను. అలా ఎటూ పూర్తిగా వెళ్లకుండా ఆ రోజు ఎన్ని మైళ్లు నడిచానో నాకే తెలియదు.

జూన్ 12 సోమవారం, ఉదయం పది గంటలు, కొత్త టైము. కమిటీ మా ఆఫీసులోనే కూర్చుంది. నేను రిజిస్టరు పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాను. పెద్ద గుమాస్తా కాఫీలు తెప్పించి గోడకానుకుని నిలుచున్నాడు.

"ముగ్గురు గదా చేరింది. రెండే ఉన్నాయేం?" అన్నారు వకీలుగారు.

"నాదెండ్ల అమ్మాయి పుస్తకం గడువు దాటాక వచ్చిందండీ."

"ఎంత దాటాక?"

"ముప్పై ఎనిమిది నిమిషాలండీ."

శెట్టిగారు నొచ్చుకున్నాడు. "అయ్యో. ముప్పై ఎనిమిది నిమిషాలా. బస్సులు అట్టా ఏడుస్తన్నాయి గదండీ. చూసీ చూడనట్టు పోగూడదా?"

హెడ్మాస్టరుగారు ఒప్పుకోలేదు. "ఒకరికి సడలిస్తే మిగతా ఇద్దరూ అన్యాయమంటారు. వాళ్లు ముందురోజే తెచ్చిచ్చారు."

వకీలుగారు కళ్లజోడు తీసి నా వైపు తిరిగారు. "నోటీసు అందరికీ సరిగ్గా వెళ్లిందా అమ్మా?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే నేను రెండు రోజులుగా తిరుగుతున్నాను. జవాబు సిద్ధంగా ఉంది. గోడ దగ్గర పెద్ద గుమాస్తా పొడుం డబ్బీ మూత తెరిచి, పీల్చకుండా అలాగే పట్టుకున్నాడు.

"వెళ్లిందండీ. మే 22నే టపాలో వేశాను" అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. వెళ్లింది నిజం, తారీకు నిజం. సాక్షి బోనెక్కి ఇలాంటి జవాబులు చెప్పేవాళ్లను నాలుగేళ్లుగా చూస్తున్నాను. వాళ్ల మాటలు టైపు చేసిందీ నేనే.

వకీలుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. పదకొండు ఇరవైకి మాచర్ల అబ్బాయికి ఇవ్వాలని నిర్ణయమైంది. అతని పుస్తకం మంచిదే. చెప్పదగ్గ తప్పేమీ లేదు. కాఫీ గ్లాసులు తీస్తూ పెద్ద గుమాస్తా, "గండం గడిచింది" అన్నాడు మెల్లగా. ఆయన్ను అంతకు ముందెన్నడూ కసురుకోలేదు, ఆ రోజు కసురుకున్నాను.

ఆ వారంలో నేను రెండు ఉత్తరాలు తప్పు టైపు చేసి మళ్లీ చేశాను. కోర్టు నుంచి వచ్చే వాయిదా జాబితాలో నాదెండ్ల పేరున్న దావాలు వెతికేదాన్ని. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి కనపడ్డాయి. సోమవారంది జాబితాలో ఇంకా ఎక్కలేదు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో అడిగే ధైర్యం లేకపోయింది.

జూన్ 18 ఆదివారం నాదెండ్ల వెళ్లాను. పంతులుగారిల్లు బడి వెనకే. ఆయన బయట మంచం మీద కూర్చుని పిల్లల పలకలకు చట్రాలు బిగిస్తున్నాడు. అమ్మాయి లోపల్నుంచి వచ్చి, నన్ను చూసి, ముందు పీట వేసింది.

నేను కూర్చోకుండానే చెప్పాను. "నోటీసులో ఆ రెండు మాటలు నేనే తీసేశాను. కాగితం చాలక. నీ తప్పు లేదు."

పంతులుగారు సుత్తి ఆపాడు. "అయితే మా గంట తప్పు గాదన్నమాట. వారం నుంచీ ఊళ్లో అందరూ నన్నే అంటన్నారమ్మా, పాత గంట కొట్టి పిల్ల చదువు చెడగొట్టావని."

"మీరుండండి నాన్నా" అంది అమ్మాయి. నా వైపు తిరిగి, "ఏప్రిల్ నోటీసు, మే నోటీసు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశానక్కా. ముందుదాంట్లో ఉన్న మాట తర్వాతదాంట్లో తీసేశారంటే, తెలిసే తీసేశారనుకున్నా. పల్లెలోళ్లకి వీలుగా మార్చారేమోనని. కాగితాన్ని అట్టాగే చదవాలని కాలేజీలో మాకు చెప్పారు" అంది.

"సరిగ్గానే చదివావు. రాసినదానికే ఆ తెలివి లేదు."

ఆమె నవ్వలేదు. "ఎప్పుడు తెలిసింది మీకు?"

నేను అబద్ధం చెప్పడానికి అంత దూరం వెళ్లలేదు. "నువ్వు మెట్లు దిగిన పది నిమిషాలకి."

"అంటే కమిటీ కూచోకముందే."

"ముందే."

పంతులుగారు పలక పక్కన పెట్టాడు. తర్వాత ఆమె కోపంగా కాదు, వాయిదా ఎప్పుడని అడిగినట్టు అడిగింది. "మరెందుకు చెప్పలా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

ఆమె తలూపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. "నాలుగు తొందర పనులన్నా గదా. ఆదివారం పొద్దున్నే నలుగురికీ చెప్పా, వకీలుగారు రారు, మీ దోవ మీరు చూసుకోండని. ఇద్దరు అప్పు తెచ్చి వేరే వకీలుని పెట్టుకున్నారు. ఇంకో ఇద్దరి దగ్గర డబ్బుల్లేవు. ఒకామెది శుక్రవారం డిక్రీ అయిపోయింది. ఇంకొకాయనది రేపు."

"రేపటిది ఆపుదాం. ఆ పుస్తకం ఇవ్వు."

ఆమె తీసుకొచ్చింది. ముప్పై ఏడుగురి పేర్లు, చక్కటి చేతిరాత. నా చేతికిస్తూ, "దీని కింద ఎర్రగీత ఏమీ ఉండదుగా" అంది. ఆ రోజు ఆమె అన్న ఒకే ఒక్క దెప్పిపొడుపు అది.

ఆ పూట ఇక బస్సు లేక రాత్రి అక్కడే ఉండిపోయాను. సోమవారం మొదటి బస్సు బయల్దేరలేదు. బొగ్గు తడిసిందన్నారు. రెండో బస్సులో నేను నరసరావుపేట చేరేసరికి కోర్టులో పిలుపులు అయిపోయాయి. ఆ రోజు వాయిదా ఉన్న కౌలు రైతు వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. అంతకుముందే పిలిస్తే లోపలికి వెళ్లాడట, ఏం చెప్పాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడట, డిక్రీ అయింది.

అక్కణ్నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి వకీలుగారి ముందు నోటుబుక్కు, రెండు నోటీసులు, రిజిస్టరు పెట్టాను. జరిగింది వరసగా, తారీకులతో చెప్పాను. ఆయన నోటీసులు రెండూ దగ్గర పెట్టుకుని చదివారు.

"కాగితానికి కరువుంది, సరే. పోయిన సోమవారం నీ నోటికేం కరువొచ్చిందమ్మా?" అన్నారు.

"నేను చెప్పింది అబద్ధం కాదండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే సిగ్గేసింది.

"కాదు. అందుకే నేను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఇంకెవరైనా అయితే వేసుండేవాణ్ని."

ఆయన అప్పటికప్పుడు శెట్టిగారి దగ్గరికి వెళ్లారు. మాచర్ల అబ్బాయి ఫీజు శుక్రవారమే మద్రాసు వెళ్లిపోయింది. శెట్టిగారు తల పట్టుకున్నాడట. ధాన్యం కంట్రోలు కిందికి పోయి ఆ ఏడు వ్యాపారం సగం పడిపోయింది, ఇద్దరికి చేతకాదు. వచ్చే ఏడు మొదటి పేరు ఆమెదేనన్నాడు. మాట తప్పలేదు కూడా. 1945 ఏప్రిల్‌లో నా చేతే ఉత్తరం రాయించాడు. అయిదు రోజులకు కార్డు వచ్చింది. తండ్రికి చూపు మందగించి బడి మానుకున్నాడు, ఆ ఉద్యోగంలో తను చేరింది, తమ్ముడు కాలేజీలో ఉన్నాడు, ఇక మద్రాసు వెళ్లడం పడదు. శెట్టిగారికి కృతజ్ఞతలు. నా పేరు లేదు.

రెండు డిక్రీలూ కొట్టేయించాలని వకీలుగారు పిటిషన్లు వేశారు. సమన్లు సక్రమంగానే అందాయి, రాకపోవడానికీ మాట్లాడకపోవడానికీ తగిన కారణం లేదని కోర్టు వారు ఆ పిటిషన్లనే కొట్టేశారు. కారణం నేనని ఎక్కడ రాయాలి?

నన్ను తీసేయలేదు. పెద్ద గుమాస్తా కూడా ఆశ్చర్యపోయాడు. వకీలుగారు ఒకటే చేశారు: ఆ తర్వాత ఎప్పుడూ, నేను చెప్పిన జవాబు తర్వాత ఇంకో ప్రశ్న వేసేవారు. "వాయిదా రాశావా?" "రాశానండీ." "ఏ తారీకని రాశావు?" ఆయన పోయేదాకా, పదిహేడేళ్లు, ఒక్కసారి కూడా మానలేదు. మీకు జవాబులు చెప్పే గుమాస్తాలు దొరుకుతారు. రెండో ప్రశ్న వేయడం నేర్చుకోండి. మీరే ఆ గుమాస్తా అయితే, అడక్కముందే చెప్పండి.

ఆ పంతులమ్మ ముప్పై ఏళ్ల పైన పనిచేసింది. జనం కోర్టు కాగితాలు పట్టుకుని బడికే వచ్చేవారనీ, సాయంత్రాలు చదివి చెప్పేదనీ విన్నాను. అది ఆమె గొప్ప. నేను చేసిన నష్టంలోంచి దాన్ని మినహాయించుకోను.

పోయినవి ఇవీ.

నాదెండ్లలో, శుక్రవారం డిక్రీ అయిన విధవరాలి మెట్ట పొలం, ఎకరం ముప్పై సెంట్లు, వేలంలో.

కౌలు రైతు ఎడ్లు, ఒక జత, జప్తులో.

నోటుబుక్కులోని ముప్పై ఏడుగురిలో ఆ ఇద్దరూ, అప్పు చేసి వేరే వకీలును పెట్టుకున్న ఇద్దరూ పోను ముప్పై ముగ్గురు. వాళ్లలో తర్వాత మా ఆఫీసుకు వచ్చినవాళ్లు పదకొండుమంది. రానివాళ్లు ఇరవై ఇద్దరు. వాళ్ల పనులు ఏమయ్యాయో తెలియదు.

లా రెండో సంవత్సరం, ఒకటి.

మా కోర్టుకు రావలసిన ఒక వకీలు.

నా వైపు నుంచి పోయినది ఏమీ లేదు. ఆ నెల జీతం కూడా పూర్తిగానే అందింది.